రెండు రెక్కల అయోర్టిక్ వాల్వ్: మెటలా, టిష్యూనా, రాస్ ఆపరేషనా, టావీనా?

2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలేన్ క్రిబియే అనే కార్డియాలజిస్టు ఛాతీ తెరవకుండా, రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి ఒక రోగి గుండెలో కొత్త వాల్వ్ పెట్టారు. మనిషికి అలా పెట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి. రోగికి 57 ఏళ్లు, ఓపెన్ హార్ట్ ఆపరేషన్ తట్టుకునే స్థితి లేదు. పాడైన ఆయన వాల్వ్‌కు ఉన్నవి రెండే రెక్కలు. తర్వాత టావీ అని పేరుపడ్డ ఈ పద్ధతి మీద వేలమందితో పెద్ద ట్రయల్స్ జరిగాయి. వాటిలో దాదాపు అన్నీ రెండు రెక్కల వాల్వ్ ఉన్నవాళ్లను బయటే ఉంచాయి. కథ మొదలైంది వాళ్లతో, లెక్కలు మాత్రం వేరేవాళ్లవి.

వాల్వ్ మార్పిడి గురించి మన చెవిన పడే అంకెల్లో ఎక్కువ భాగం 75, 80 ఏళ్ల పెద్దవాళ్లవి. వాళ్లది మూడు రెక్కల వాల్వ్, వయసుతో గట్టిపడింది. రెండు రెక్కలతో పుట్టినవాళ్లకు అదే ఇబ్బంది పది ఇరవై ఏళ్లు ముందే వస్తుంది. వాల్వ్ ఆకారం వేరు, పక్కనే బృహద్ధమని ఉబ్బే గుణం ఒకటి అదనం, ఆపరేషన్ తర్వాత గడపాల్సిన ఏళ్లూ ఎక్కువ. అందుకే ఎవరైనా ఒక శాతం చెప్పి "ఇది మంచిది" అంటే నేను మొదట చూసేది ఆ శాతం ఎవరిదని. ఈ పోలికంతా ఆ చూపుతోనే రాస్తున్నాను. మీ రిపోర్టులు చూసిన డాక్టరు మాటకు ఇది బదులు కాదు, ఆ గదిలోకి వెళ్లేముందు చదువుకోవడానికి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం మోసే పెద్ద నాళం బృహద్ధమని. దాని గుమ్మంలో తలుపులా తెరుచుకుని మూసుకునేది అయోర్టిక్ వాల్వ్. ఎక్కువమందికి మూడు రెక్కలుంటాయి. వందలో ఒకరికి అటూ ఇటుగా రెండే ఉంటాయి, మగవాళ్లలో ఇది ఎక్కువ. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇంత తరచుగా కనిపించేది మరొకటి లేదు. చాలామందిలో మూడు రెక్కలూ మొదలవుతాయి కానీ వాటిలో రెండు విడిపోకుండా కలిసిపోతాయి. కలిసిన చోట ఉండే గీతలాంటి మడతను రాఫే అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, టావీ దగ్గర మళ్లీ వస్తుంది. 2007లో జర్మనీ సర్జన్ సీవర్స్, తన సహచరుడితో కలిసి 304 వాల్వ్‌లను పరిశీలించి, రాఫేల సంఖ్యను బట్టి వాటిని సున్నా, ఒకటి, రెండు రకాలుగా విడదీశారు. 2021లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ పేర్లను మళ్లీ సవరించింది. మీ రిపోర్టులో "టైప్ 1, ఎల్-ఆర్" అని ఉంటే ఎడమ, కుడి రెక్కలు కలిశాయని, ఒక రాఫే ఉందని అర్థం. అందరికన్నా ఎక్కువమందిలో ఉండేది ఇదే.

ఆపరేషన్ ఇప్పుడా, తర్వాతా

రెండు రెక్కలని తెలిసిన రోజు పట్టుకునే టెన్షన్‌కు మందులాంటివి రెండు పరిశోధనలున్నాయి, రెండూ 2008లోనే వచ్చాయి. కెనడాలోని టొరంటోలో 642 మందిని సగటున 9 ఏళ్లు గమనించారు. మొదట్లో వాళ్ల సగటు వయసు 35. వాళ్లలో బతికి ఉన్నవాళ్ల శాతం మామూలు జనంలో ఎంతో అంతే. అమెరికాలోని ఓమ్‌స్టెడ్ కౌంటీలో 212 మందిని చూస్తే 20 ఏళ్ల తర్వాత 90% బతికే ఉన్నారు, అదీ చుట్టుపక్కల జనంతో సమానమే.

ఇక్కడా ఆ లెక్క ఎవరిదో చూడాలి. ఓమ్‌స్టెడ్ వాళ్లు మొదట్లో ఏ లక్షణాలూ లేనివాళ్లు, వాల్వ్ బాగానే పనిచేస్తున్నవాళ్లు లేదా కొంచెం మాత్రమే దెబ్బతిన్నవాళ్లు. ఆ 20 ఏళ్లలో వాళ్లలో 27% మందికి గుండెకో బృహద్ధమనికో ఏదో ఒక ఆపరేషన్ జరిగింది. అంటే ఆయుష్షు తగ్గకపోవడం వెనుక ఏడాదికో రెండేళ్లకో చేయించుకున్న ఎకోలు (గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్షలు), వేళకు జరిగిన ఆపరేషన్లు ఉన్నాయి. "నాకేం కాదట" అని ఎకో మానేసినవాళ్లకు ఈ ధీమా వర్తించదు.

ఆపరేషన్ తప్పించే మందు ఉందా? ఇప్పటిదాకా లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాల్వ్ గట్టిపడటాన్ని కూడా నెమ్మదింపజేస్తాయేమోనని చాలా ఆశపడ్డారు. 2005లో సాల్టైర్, 2008లో 1,873 మందితో సీస్, 2010లో 269 మందితో ఆస్ట్రానమర్, మూడు ట్రయల్సూ అదే ప్రశ్న అడిగాయి. మూడింటిలోనూ వాల్వ్ ఇరుకయ్యే వేగం తగ్గలేదు. ఆస్ట్రానమర్‌లో సుమారు సగం మంది రెండు రెక్కలవాళ్లే కాబట్టి ఈ జవాబు మనకూ చెందుతుంది. కొలెస్ట్రాల్ కోసం స్టాటిన్ వాడుతుంటే వాడండి, వాల్వ్ కోసం మాత్రం వేసుకోవద్దు. బీపీని అదుపులో ఉంచడం వేరే సంగతి, అది బృహద్ధమని కోసం తప్పనిసరి.

వాల్వ్ బాగా ఇరుకై, దాంతో పాటు నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే ఎంచుకోవడానికేమీ లేదు, ఆపరేషన్ చేయాల్సిందే. చర్చ అంతా ఏ లక్షణమూ లేనివాళ్ల గురించి. ఇక్కడ రెండు రెక్కలవాళ్లు ఎక్కువగా ఉన్న ట్రయల్ ఒకటుంది. దక్షిణ కొరియాలో జరిగిన రికవరీ ట్రయల్‌లో, వాల్వ్ అతి తీవ్రంగా ఇరుకైనా లక్షణాలు లేని 145 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, ఇంకో గుంపుకు లక్షణాలు వచ్చేదాకా ఎదురుచూపు. వాళ్లలో 61% మందికి రెండు రెక్కల వాల్వే. ఆపరేషన్ వల్ల గానీ గుండె, రక్తనాళాల జబ్బు వల్ల గానీ చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 1%, రెండో గుంపులో 15%. చిన్న ట్రయలే. అయినా వాల్వ్ గుండా రక్తం దూకే వేగం సెకనుకు 4.5 మీటర్లు దాటి, ఆపరేషన్ రిస్కు తక్కువని డాక్టర్లు తేల్చినప్పుడు "లక్షణాలు వచ్చాక చూద్దాం" అనడానికి నాకైతే ధైర్యం చాలదు. ఇంకో మాట. లక్షణాలు లేవని చెప్పేవాళ్లలో చాలామంది మెట్లు ఎక్కడం ఎప్పుడో తగ్గించేసి ఉంటారు. డాక్టరు పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్ టెస్ట్ చేస్తే ఆ గుట్టు బయటపడుతుంది.

వాల్వ్ ఇరుకు కాకుండా లీకు ఉంటే చూడాల్సినవి వేరు. గుండె ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని నెట్టే గది) ముడుచుకున్నప్పుడు కూడా అడ్డంగా 50 మి.మీ. దాటి ఉందా, ఇజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఆ గది ఒక్కో ముడుపులో బయటికి నెట్టే రక్తం శాతం, 55% లేదా అంతకు తక్కువకు పడిందా అన్నవి అమెరికా మార్గదర్శకాలు పెట్టుకున్న గీతలు. లీకు ఉన్నవాళ్లు ఏళ్లపాటు బాగానే ఉన్నట్టు అనిపిస్తారు, ఈలోగా జఠరిక సాగిపోతుంది. అందుకని వాళ్ల విషయంలో ఒంట్లో ఎలా ఉందన్న దానికన్నా ఎకో కొలతలే పెద్ద సాక్ష్యం.

బృహద్ధమని లెక్క వేరు

రెండు రెక్కలవాళ్లలో చాలామందికి వాల్వ్ పైన బృహద్ధమని క్రమంగా వెడల్పవుతుంది. గోడలోనే పుట్టు బలహీనత ఉందా, వాల్వ్ నుంచి వంకరగా దూకే రక్తధార గోడను కొడుతుందా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. ఎంఆర్ఐతో రక్తప్రవాహాన్ని చూసిన పరిశోధనలు రెండో కారణానికి బలమిచ్చాయి, జన్యు పరిశోధనలు మొదటిదాన్ని వదలనివ్వలేదు. రోగికి కావలసిన ప్రశ్న మాత్రం ఒకటే: బృహద్ధమని గోడ లోపలి పొర చీలుతుందా?

ఓమ్‌స్టెడ్ కౌంటీ వాళ్ల సంఖ్యను 416కు పెంచి 2011లో మళ్లీ లెక్క కట్టారు. పదివేల మందిని ఒక్కొక్క ఏడాది చూస్తే ముగ్గురికి పొర చీలింది. మామూలు జనంతో పోలిస్తే ఇది ఎనిమిది రెట్లు. "ఎనిమిది రెట్లు" అని మాత్రమే చెబితే నిద్ర పట్టదు, "పదివేలకు ముగ్గురు" అంటే పడుతుంది. రెండూ నిజమే. ఎవరైనా మీకు మొదటిదే చెబితే రెండోది కూడా అడగండి.

2022 అమెరికా మార్గదర్శకాల ప్రకారం బృహద్ధమని 5.5 సెం.మీ. చేరితే, వాల్వ్ ఎలా ఉన్నా ఆపరేషన్ చేయాలి. 5.0 నుంచి 5.4 మధ్య ఉంటే అదనపు రిస్కు చూస్తారు: ఇంట్లో ఎవరికైనా పొర చీలిందా, ఏడాదికి 3 మి.మీ. చొప్పున పెరుగుతోందా, వాల్వ్‌ను ఆనుకుని ఉండే బృహద్ధమని మొదలు (దీన్నే వేరు అంటారు) ఉబ్బిందా, దిగువన ఇంకోచోట నాళం పుట్టుకతో ఇరుకుగా ఉందా అని. వాల్వ్ కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తుంటే 4.5 దగ్గరే దాన్నీ మార్చేయడం సబబంటారు. పొట్టివాళ్లకు ఇవే సంఖ్యలు సరిపోవు కాబట్టి ఎత్తుతో భాగించి కూడా చూస్తారు. ఏ రిస్కూ లేకుండా 5.0 నుంచి 5.4 మధ్య ఉన్నవాళ్లకు ముందే ఆపరేషన్ చేయాలా, గమనిస్తూ ఉండాలా అన్నది తేల్చడానికే టైటన్ అనే ట్రయల్ నడుపుతున్నారు.

కొలత విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ఎకోలో నాళం గోడను కలిపి కొలిచే పద్ధతి ఒకటి, సీటీలో లోపలి ఖాళీనే కొలిచే పద్ధతి ఇంకొకటి. రెండు వేర్వేరు పద్ధతుల కొలతలను పక్కపక్కన పెట్టి "ఆరు నెలల్లో 2 మి.మీ. పెరిగింది" అని కంగారుపడేవాళ్లు చాలామందే ఉంటారు. ఒకే పద్ధతి, ఒకే చోటు, వీలైతే ఒకే మెషీన్. పాత స్కాన్‌ల సీడీలు పారేయకండి.

మెటల్ వాల్వ్, టిష్యూ వాల్వ్

ఎక్కువమంది ముందుకొచ్చే ఎంపిక ఇదే. మెటల్ అంటున్నాం గానీ ఇప్పటివి ఎక్కువగా పైరోలిటిక్ కార్బన్‌తో చేసినవి. అవి దాదాపు అరగవు. బదులుగా అవి ఉన్నన్నాళ్లూ, అంటే బతికినన్నాళ్లూ, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2 నుంచి 3 మధ్య ఉండాలి, 2.5 చుట్టూ ఉంటే హాయి. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, పెరిగితే రక్తస్రావం. ఆన్-ఎక్స్ అనే ఒక మోడల్‌కు, ఆస్పిరిన్‌తో కలిపి, 1.5 నుంచి 2 వరకు ఉన్నా చాలని 2015లో అమెరికా అనుమతి వచ్చింది.

వార్ఫరిన్ బదులు పరీక్షల గొడవ లేని కొత్త మాత్రలు వాడొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. రెండుసార్లు ప్రయత్నించారు, రెండుసార్లూ మధ్యలో ఆపేశారు. డాబిగాట్రాన్‌తో చేసిన రీ-అలైన్ ట్రయల్‌లో గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. 863 మందితో మొదలైన ప్రోయాక్ట్ ఎక్స్-ఏ ట్రయల్‌ను, ఎపిక్సబాన్ వేసుకున్నవాళ్లలో గడ్డల సమస్యలు ఎక్కువగా వస్తున్నాయని 2022లో నిలిపేశారు. టిష్యూ వాల్వ్ ఉన్నవాళ్ల సంగతి, గుండె లయ తప్పినవాళ్ల సంగతి వేరు, ఆ మాత్రలు వాళ్లకు పనికొస్తాయి. ఎవరో వాడుతున్నారని మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు మాత్ర మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

టిష్యూ వాల్వ్‌ను ఆవు గుండె సంచి పొరతోనో పంది వాల్వ్‌తోనో చేస్తారు. జీవితాంతం వార్ఫరిన్ అక్కర్లేదు, టిక్ టిక్ శబ్దం ఉండదు. మెటల్ శబ్దం కొందరికి వారంలో అలవాటైపోతుంది, కొందరికి రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. దీన్ని చిన్న విషయమని తీసిపారేయకండి. టిష్యూతో చిక్కల్లా అది పాడవడమే. సాధారణంగా పది పదిహేనేళ్లు అంటారు, కానీ రోగి వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా పాడవుతుంది. 70 ఏళ్ల మనిషిలో వచ్చిన మన్నిక 35 ఏళ్ల మనిషిలో రాదు. ప్రచారంలో వినిపించే మన్నిక అంకెలు చాలాసార్లు పెద్దవాళ్లవే.

ఎక్కువకాలం బతికించేది ఏది? 2017లో వచ్చిన పెద్ద విశ్లేషణ కాలిఫోర్నియాలో 1996 నుంచి 2013 వరకు జరిగిన ఆపరేషన్లను చూసింది. 45 నుంచి 54 ఏళ్లవాళ్లలో 15 ఏళ్లకు చనిపోయినవాళ్లు టిష్యూ వాల్వ్‌తో 30.6%, మెటల్‌తో 26.4%. 55 దాటినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది రికార్డుల నుంచి తీసిన లెక్క, చీటీ వేసి ఎవరికి ఏది పెట్టాలో తేల్చినది కాదు. అలా చీటీ వేసి ఇటలీలో 55 నుంచి 70 ఏళ్ల మధ్య 310 మందితో చేసిన ట్రయల్‌లో 13 ఏళ్లకు ఆయుష్షులో తేడా కనిపించలేదు, టిష్యూ వాళ్లకు మళ్లీ ఆపరేషన్లు మాత్రం ఎక్కువయ్యాయి. మార్గదర్శకాలు కూడా ఈ గీతల చుట్టూనే తిరుగుతాయి. అమెరికా వాళ్లు 50 లోపు మెటల్ వైపు, 65 పైన టిష్యూ వైపు మొగ్గి మధ్యలో మీ ఇష్టం అంటారు. యూరప్ వాళ్లు కింది గీతను 60 దగ్గర గీశారు.

టిష్యూ వాల్వ్ పాడైతే దాని లోపలే గొట్టం ద్వారా ఇంకోటి పెట్టొచ్చు కదా అని ఇప్పుడు చాలా తేలిగ్గా అనేస్తున్నారు. పెట్టొచ్చు, కానీ చొక్కా మీద చొక్కా తొడిగినట్టే, లోపలి జాగా తగ్గుతుంది. మొదటి వాల్వ్ చిన్నదైతే రెండోది పెట్టాక రక్తానికి దారి ఇరుకే. రెండు రెక్కలవాళ్లకు ఇక్కడ ఒక చిన్న అదృష్టం ఉంది, వాళ్ల వాల్వ్ చుట్టుకొలత తరచుగా పెద్దదిగా ఉంటుంది. అందుకని సర్జన్‌ను "మొదటిసారే ఎంత పెద్ద సైజు పెట్టగలరు, అవసరమైతే గుమ్మం వెడల్పు చేస్తారా" అని అడగడం ఎంతో లాభం. మెటలా టిష్యూనా అన్న ప్రశ్నకన్నా ఇది ముఖ్యమైన సందర్భాలు కూడా ఉన్నాయి.

గర్భం దాల్చాలనుకునే స్త్రీలకు వార్ఫరిన్ పెద్ద చిక్కు. అది బిడ్డకు హాని చేయగలదు, మానేస్తే తల్లి వాల్వ్ మీద గడ్డ కట్టవచ్చు. ఈ విషయం ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి. పెళ్లి కాలేదనో, అడగడానికి మొహమాటమనో దాటేస్తే తర్వాత దిద్దుకోవడం కష్టం.

రాస్ ఆపరేషన్

1967లో లండన్‌లో డొనాల్డ్ రాస్ మొదలుపెట్టిన ఆపరేషన్ ఇది. రోగి సొంత పల్మనరీ వాల్వ్‌ను (గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోనిది) తీసి అయోర్టిక్ చోట పెడతారు, ఖాళీ అయిన పల్మనరీ చోట దాత వాల్వ్ పెడతారు. కొత్త చోటుకు వచ్చినది జీవకణజాలం కాబట్టి పిల్లల్లో ఎదుగుతుంది, వార్ఫరిన్ అక్కర్లేదు, రక్తప్రవాహం దాదాపు సహజంగా ఉంటుంది.

విమర్శకులు చెప్పేదీ నిజమే: ఒక వాల్వ్ జబ్బుతో వచ్చిన మనిషిని రెండు వాల్వ్‌ల మనిషిగా ఇంటికి పంపుతున్నారు. అయినా ఫలితాలు కొట్టిపారేసేవి కావు. 2010లో వచ్చిన ట్రయల్‌లో 216 మందిలో 10 ఏళ్లకు రాస్ గుంపులో 97%, దాత అయోర్టిక్ వాల్వ్ పెట్టిన గుంపులో 83% బతికి ఉన్నారు. అది ఒకే కేంద్రంలో జరిగింది, పోల్చిన వాల్వ్ ఇప్పుడు పెద్దగా వాడనిది. కాబట్టి దాన్ని మెటల్ మీద గెలుపుగా చెప్పుకోలేం. 2022లో న్యూయార్క్, కాలిఫోర్నియా రికార్డుల నుంచి 434 మంది రాస్ రోగులను తీసి, వాళ్లకు సరిపోలే మెటల్, టిష్యూ రోగులతో పోల్చారు. రాస్ వాళ్లలో 15 ఏళ్లకు 93.1% బతికి ఉన్నారు, సాధారణ జనంతో సమానంగా. రాస్‌ను ఇప్పటి వాల్వ్‌లతో చీటీ వేసి పోల్చే రివైవల్ ట్రయల్ ఫలితం వస్తే గానీ, వీళ్లు మొదటి నుంచే ఆరోగ్యవంతులు కాబట్టి బాగున్నారా అన్న అనుమానం పూర్తిగా పోదు.

ఎవరికి నప్పుతుంది? 50 లోపు వయసు, వాల్వ్ ఇరుకు ఎక్కువ, లీకు తక్కువ ఉన్నవాళ్లకు. లీకే ప్రధానంగా ఉండి, వాల్వ్ గుమ్మం బాగా సాగినవాళ్లలో కొత్తగా పెట్టిన వాల్వ్ కూడా సాగే భయం ఉంది. అందుకని బయటి నుంచి దన్ను పెట్టడం లాంటి ఏర్పాట్లు చేస్తారు. అన్నిటికన్నా పెద్ద షరతు సర్జన్ చెయ్యి. "మీరు రాస్‌లు ఎన్ని చేశారు, కిందటి ఏడాది ఎన్ని" అని అడిగితే మంచి సర్జన్ నొచ్చుకోడు. ఏడాదికి ఒకటో రెండో చేసేవాళ్ల దగ్గరైతే నేను మెటల్‌కో టిష్యూకో ఒప్పుకుంటాను.

సొంత వాల్వ్‌ను బాగుచేయడం

రెక్కలు ఇంకా మెత్తగా ఉండి, కాల్షియం పేరుకోకుండా, లీకు మాత్రమే ఉన్న యువకులకు ఇది మొదట అడగాల్సిన ప్రశ్న. వాల్వ్‌ను మార్చకుండా రెక్కల అంచులను కుట్టి, సాగిన గుమ్మాన్ని బిగించి, అవసరమైతే బృహద్ధమని వేరును కృత్రిమ గొట్టంతో మార్చి వాల్వ్‌ను అందులోనే నిలబెడతారు. ఈ చివరి పద్ధతిని టొరంటో సర్జన్ టిరోన్ డేవిడ్ 1992లో ప్రచురించారు. జర్మనీలో షేఫర్స్ బృందం, మూసుకున్నప్పుడు రెక్కలు ఎంత ఎత్తులో కలుస్తున్నాయో కొలిచే పద్ధతి తెచ్చాక రిపేర్ ఫలితాలను ముందే అంచనా వేయడం తేలికైంది. రెండు రెక్కలు ఎదురెదురుగా సరిసమానంగా ఉంటే రిపేర్ నిలుస్తుంది, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉంటే కష్టం. గట్టిపడిన వాల్వ్‌కు రిపేర్ అంటే నాకు నమ్మకం లేదు. రోగి గుండె సంచి పొరతోనే మూడు రెక్కలు కత్తిరించి కుట్టే ఒజాకీ పద్ధతి 2007లో జపాన్‌లో మొదలైంది. ఆకర్షణగానే ఉంటుంది, కానీ యువకుల్లో దాని మన్నిక మీద పాతికేళ్ల లెక్క ఇంకా లేదు.

టావీ

ఆసుపత్రిలో రెండు మూడు రోజులే, ఛాతీ మీద గాటు లేదు. ఎవరికైనా మనసు ఇటే లాగుతుంది. అందుకే దీన్ని కొంచెం నిదానంగా చూడాలి.

2019లో టావీకి తక్కువ రిస్కు రోగుల్లోనూ తలుపు తెరిచిన పార్ట్‌నర్ 3, ఎవల్యూట్ లో రిస్క్ ట్రయల్స్ రెండింటిలోనూ రెండు రెక్కలవాళ్లు లేరు. అదే ఏడాది అమెరికా జాతీయ రిజిస్ట్రీ నుంచి రెండు రెక్కలవాళ్లు 2,691 మందిని, వాళ్లకు సరిపోలే మూడు రెక్కలవాళ్లు అంతేమందిని తీసి పోల్చారు. నెల రోజుల్లో మరణాలు 2.6%, 2.5%, అంటే తేడా లేదు. పక్షవాతం మాత్రం రెండు రెక్కలవాళ్లలో 2.5%, మూడు రెక్కలవాళ్లలో 1.6%. చాలామంది ఇక్కడితో ఆగి "టావీ సమానమే" అంటారు. కానీ ఈ పోలిక టావీకి, టావీకి మధ్య. రెండు రెక్కల వాల్వ్‌లో టావీ మేలా ఆపరేషన్ మేలా అన్నదానికి అందులో జవాబు లేదు. పైగా వాళ్లు టావీకి పనికొస్తారని డాక్టర్లు ముందే ఏరినవాళ్లు.

అసలు ప్రశ్నను నేరుగా అడిగినది 2024లో వచ్చిన నోషన్-2. 75 ఏళ్లకు మించని, తక్కువ రిస్కు ఉన్న 370 మందిని చీటీ వేసి విడదీశారు. వాళ్లలో 100 మంది రెండు రెక్కలవాళ్లు. ఏడాదిలో మరణం, పక్షవాతం, మళ్లీ ఆసుపత్రి, ఈ మూడిట్లో ఏదో ఒకటి జరిగినవాళ్లు టావీలో 49 మందికి 7గురు, ఆపరేషన్‌లో 51 మందికి ఇద్దరు. శాతాల్లో చెబితే 14.3, 3.9. ఇంత చిన్న సంఖ్యలతో తేల్చి చెప్పలేమని ఆ పరిశోధకుల గణితమే చెబుతుంది, యాదృచ్ఛికం కూడా కావచ్చు. అయినా తేడా ఏ వైపుకు వాలిందో చూశాక, అరవైల్లో ఉండి ఆపరేషన్‌కు పనికొచ్చే మనిషికి టావీని ముందుగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఎందుకిలా? టావీ వాల్వ్ గుండ్రంగా విచ్చుకోవాలి. రెండు రెక్కల గుమ్మంలో రాఫే ఒక గట్టి పట్టీలా అడ్డం పడుతుంది, కాల్షియం ఒక వైపు కుప్పగా ఉంటుంది. వాల్వ్ సరిగా విచ్చుకోక పక్కల నుంచి లీకు, కాల్షియం ముక్కలు విరిగి పక్షవాతం, ఒక్కోసారి పేస్‌మేకర్ అవసరం, ఇవన్నీ అక్కడి నుంచే. సీటీలో రెండు రెక్కలని నిర్ధారించిన 1,034 మంది మీద 2020లో వచ్చిన పరిశోధన దీన్ని బాగా చూపించింది. రాఫే మీద కాల్షియం, రెక్కల మీద అతిగా కాల్షియం, రెండూ ఉన్నవాళ్లలో రెండేళ్లకు 25.7% మంది చనిపోయారు. రెండిట్లో ఒకటే ఉంటే 9.5%, ఏదీ లేకపోతే 5.9%. అంటే "రెండు రెక్కలకు టావీ పనికొస్తుందా" అన్న ప్రశ్నే సరిగా లేదు, ఎవరి వాల్వ్ అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. టావీ మాట వస్తే సీటీ రిపోర్టులో రాఫే మీద కాల్షియం గురించి ఏం రాశారో చదివించుకోండి.

ఇంకొకటి. టావీ ఉబ్బిన బృహద్ధమనిని ముట్టుకోదు. వాల్వ్ బాగుపడి, 4.8 సెం.మీ. నాళం అలాగే మిగిలిపోతే సగం పనే అయినట్టు. 2025 యూరప్ మార్గదర్శకాలు టావీ వయసు గీతను 75 నుంచి 70కి దించాయన్న వార్త చదివి ఉంటారు, ఆ గీత మూడు రెక్కల వాల్వ్‌కు గీసినది.

నేనైతే ఎలా తూచుతాను

ముప్పైల్లో ఉండి, లీకు మాత్రమే ఉన్నవాళ్లు మొదట రిపేర్‌లో చేయి తిరిగిన కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకోవాలి. మార్పిడి తర్వాతైనా చేయొచ్చు, తీసేసిన వాల్వ్ మళ్లీ రాదు. అదే వయసులో వాల్వ్ ఇరుకైన స్త్రీ, పిల్లలు కావాలనుకుంటే రాస్ లేదా టిష్యూ, మళ్లీ ఆపరేషన్ ఉంటుందని తెలిసే. నలభైల్లో మాత్రలు మరిచిపోని, పరీక్షలకు బద్ధకించని మనిషికి మెటల్ ఇప్పటికీ గట్టి ఎంపిక. బృహద్ధమని వేరు కూడా ఉబ్బి ఉంటే వాల్వ్, గొట్టం కలిపి ఒకేసారి మార్చే బెంటాల్ ఆపరేషన్ 1968 నుంచి నిలబడి ఉన్న పద్ధతి. పనిలో దెబ్బలు తగిలే అవకాశం ఎక్కువైనా, ఐఎన్ఆర్ పరీక్షకు దూరం వెళ్లాల్సి వచ్చినా ఆ మొగ్గు మారుతుంది. అరవైల్లో అయితే పెద్ద సైజు టిష్యూ వాల్వ్, తర్వాతి దానికి జాగా చూసుకుని. 80కి దగ్గరపడి, సీటీలో కాల్షియం అనుకూలంగా ఉండి, బృహద్ధమని ఉబ్బకపోతే టావీ వైపు వెళ్లడానికి నాకు సందేహం లేదు.

యాభైల నడిమి మనిషికి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. అక్కడ లెక్కలు సమానంగా ఉంటాయి కాబట్టి, ఏ ఇబ్బందితో రోజూ బతకగలరో ఆ మనిషే చెప్పాలి: రోజూ ఒక మాత్రా, పదేళ్ల తర్వాత ఇంకో ఆపరేషనా.

ఏ దారిలో వెళ్లినా కొన్ని పనులు ఒకటే. కొత్త వాల్వ్ పెట్టించుకున్నవాళ్లు పళ్లు పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. సొంత రెండు రెక్కల వాల్వే ఉన్నవాళ్లకు దాన్ని 2007 నుంచి అమెరికా గుండె సంఘం మామూలుగా సిఫారసు చేయడం లేదు, కానీ చిగుళ్ల శుభ్రత అందరికీ అవసరమే. బృహద్ధమని ఉబ్బినవాళ్లు తమకు సిప్రోఫ్లాక్ససిన్, లివోఫ్లాక్ససిన్ కుటుంబం యాంటీబయాటిక్‌లు రాస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నాళం చీలే ప్రమాదం గురించి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఒక్కసారైనా ఎకో చేయించుకోవాలి. సుమారు పదిమందిలో ఒకరికి అదే వాల్వ్ బయటపడుతుంది. వాల్వ్ మామూలుగా ఉన్నా బృహద్ధమని ఉబ్బి ఉండవచ్చు కాబట్టి, ఆ ఎకోలో నాళం పై భాగాన్ని కూడా కొలవమని చీటీ మీద రాయించుకోండి.